స్టిక్కర్ పాతబడితే నడిరోడ్డు పంచాయితీ

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కారు వెనక నంబర్ ప్లేటు మూలన తపాలా బిళ్లంత స్టిక్కర్ ఒకటి ఉంటుంది. దాని మీద గడువు ముగిసే నెల, సంవత్సరం. టెక్సస్‌లో అయితే అది ప్లేటు మీద కాకుండా ముందు అద్దానికి లోపలి వైపు, డ్రైవరు పక్క కింది మూలన కనిపిస్తుంది. మన దగ్గర సొంత కారుకు లైఫ్ ట్యాక్సు ఒకసారి కట్టేసి పదిహేనేళ్లు ఆ మాట మరిచిపోతాం. అక్కడ రిజిస్ట్రేషన్‌ను ఏటా, కొన్నిచోట్ల రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. డబ్బు కట్టారనడానికి రసీదే ఆ స్టిక్కర్. గడువు దాటితే పోలీసు ఆపుతాడు, టికెట్ రాస్తాడు. ఫీజు అసలు కట్టనివాడు, కట్టినా పోస్టులో స్టిక్కర్ అందనివాడు, అందినా డ్యాష్‌బోర్డు అరలో పడేసి అతికించడం మరిచినవాడు, ఇంట్లో రెండు కార్లుండి ఒకదాని స్టిక్కర్ రెండోదానికి అంటించినవాడు... ఈ నలుగురి వెనకా వెలిగేవి ఒకే రకం పోలీసు దీపాలు. వీళ్లలో మొదటివాడు ప్రభుత్వానికి బాకీ ఉన్నాడు, మిగతా ముగ్గురూ పైసా బాకీ లేరు. అయినా నలుగురి తప్పూ ఒక్క జాతిదే, అది కాగితం తప్పు. కాగితం తప్పుకు కాగితంతోనే జవాబు చెప్పాలి గానీ, నడుముకు తుపాకీ ఉన్న మనిషిని నడిరోడ్డు మీదకు పంపి కాదు. అమెరికాలో గత పదేళ్లుగా కొన్ని నగరాలూ రాష్ట్రాలూ ఈ దారిలోకే వస్తున్నాయి. అయితే సగం దూరం వచ్చి ఆగుతున్నాయి.

ఇంత చిన్న ముక్కకు అంత బలం ఎక్కడిదో తెలియాలంటే అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు మూడు చూడాలి. లైసెన్సు, రిజిస్ట్రేషన్ తనిఖీ పేరుతో దారిన పోయే కారును ఊరికే ఆపడానికి వీల్లేదని 1979లో డెలావేర్ వర్సెస్ ప్రౌజ్ కేసులో కోర్టు చెప్పింది. ఆపాలంటే సహేతుకమైన అనుమానం ఉండాలి. పౌరుడికి ఇది గొప్ప రక్షణే. కానీ 1996లో వచ్చిన రెన్ తీర్పు ఆ రక్షణకు పెద్ద కన్నం పెట్టింది. ట్రాఫిక్ ఉల్లంఘన ఏదైనా నిజంగా కనిపిస్తే చాలు, పోలీసు మనసులోని అసలు ఉద్దేశం ఏమిటన్నది కోర్టు అడగదు. మాదకద్రవ్యాల అనుమానంతో వెంబడిస్తున్నవాడికి గడువు దాటిన స్టిక్కర్ కనిపించిందంటే, ఆపడానికి చట్టబద్ధమైన సాకు దొరికినట్టే. 2001లో టెక్సస్‌లోని లాగో విస్టా అనే ఊరి కేసు ఇంకో మెట్టు పైకి వెళ్లింది. సీటు బెల్టు పెట్టుకోలేదని ఒక తల్లిని అరెస్టు చేసి తీసుకెళ్లారు. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 50 డాలర్ల జరిమానా, జైలు లేనే లేదు. అయినా అరెస్టు రాజ్యాంగబద్ధమేనంది కోర్టు. ఈ మూడింటినీ వరసగా పేర్చి చూస్తే స్టిక్కర్ తూకం అర్థమవుతుంది. దాని విలువ ఆ రాష్ట్రపు రిజిస్ట్రేషన్ ఫీజంత కాదు. ఎవరినైనా ఆపగల అధికారమంత.

స్టిక్కరో రికార్డో కారుతో సరిపోలని సందర్భాల్లో ఈ అధికారానికి హద్దెక్కడో వెతుక్కుంటూ కింది కోర్టులు కొంత పని చేశాయి. యూటాలో ఒక ట్రూపర్ (హైవే పోలీసు), కారు మీది తాత్కాలిక రిజిస్ట్రేషన్ స్టిక్కర్ తేదీ సరిగా కనబడక కారును ఆపాడు. దగ్గరికెళ్లి చూస్తే గడువు ఉంది. అయినా కాగితాలడిగి, ప్రశ్నలు వేసి, సోదా దాకా వెళ్లాడు. తేదీ సరిగా ఉందని కంటబడిన క్షణంలోనే ఆపిన కారణం తీరిపోయిందని, ఆపై చేసినదంతా చెల్లదని 1994లో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు మెక్‌స్వెయిన్ కేసులో తీర్పిచ్చింది. 2013లో ఏడో సర్క్యూట్ ముందుకొచ్చిన ఉరీబే కేసులో రికార్డులో తెల్ల నిస్సాన్ అని ఉంటే రోడ్డు మీద నీలం నిస్సాన్ వెళ్తోంది. రంగు వేయించుకోవడం నేరం కాదు, రంగు తేడా ఒక్కటే దొంగతనం అనుమానానికి చాలదు అన్నారు న్యాయమూర్తులు. రెండూ మంచి తీర్పులే. అయితే ఇవి ఎవరికి ఉపయోగపడ్డాయో చూడండి. కారులో ఏదో దొరికి, కేసు పడి, లాయరును పెట్టుకుని అప్పీలు దాకా వెళ్లినవాళ్లకు. ఏమీ దొరకక పావుగంట రోడ్డు పక్కన నిలబెట్టి వదిలేసిన వేలమందికి ఏ కోర్టూ లేదు. వాళ్ల పావుగంట ఏ లెక్కలోకీ రాదు.

ఆ పావుగంట ఎంత దూరం వెళ్లగలదో 2021 ఏప్రిల్ 11న మినెసోటాలోని బ్రూక్లిన్ సెంటర్‌లో కనిపించింది. ఇరవై ఏళ్ల డాంటే రైట్ నడుపుతున్న కారు రిజిస్ట్రేషన్ గడువు దాటింది, అద్దానికి ఎయిర్ ఫ్రెషనర్ వేలాడుతోంది. ఆపాక రికార్డు చూస్తే పాత వారెంటొకటి బయటపడింది. అరెస్టు చేయబోతే పెనుగులాట. ఇరవై ఆరేళ్ల సర్వీసున్న అధికారి కిమ్ పాటర్ టేజర్ అనుకుని తుపాకీ పేల్చింది. కుర్రాడు చనిపోయాడు. ఆమెకు రెండేళ్ల శిక్ష పడింది. విచారణలో ఆమె చెప్పిన మాటొకటి ఆలోచించదగ్గది. ఆ రోజు శిక్షణలో ఉన్న కొత్త అధికారి పక్కన లేకపోతే ఆ కారును బహుశా ఆపేదాన్నే కాదని, కోవిడ్ వల్ల కార్యాలయాల్లో పనులు ఆలస్యమై చాలామంది స్టిక్కర్లు పాతబడ్డాయని ఆమె కోర్టులో అంది. అంటే అధికారికి కూడా తెలుసు, ఆ స్టిక్కర్ ప్రమాదకరమైన మనిషికి గుర్తు కాదని. అయినా చట్టం ఆపనిస్తోంది కాబట్టి ఆపారు. ఇది అరుదైన విషాదం, దీన్ని బట్టి విధానం రాయకూడదు అనవచ్చు. నిజమే, ఇలాంటి ఘటన లక్షల్లో ఒకటి. కానీ మామూలుగా జరిగేవాటిలోనూ మొగ్గు ఉందని స్టాన్‌ఫర్డ్ ఓపెన్ పోలీసింగ్ ప్రాజెక్టు చూపించింది. దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ స్టాప్‌ల రికార్డులు తీసుకుని, చీకటి పడ్డాక, అంటే డ్రైవరు ఒంటి రంగు కనబడని వేళ, ఆపినవారిలో నల్లజాతివారి వాటా తగ్గుతోందని 2020లో ప్రచురించింది. పగలు కనబడేది స్టిక్కర్ ఒక్కటే కాదన్నమాట.

దీనికి పోలీసు శాఖల దగ్గర బలమైన జవాబుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయారు. గంటన్నర తిరక్కుండానే చార్లీ హ్యాంగర్ అనే హైవే ట్రూపర్ నంబర్ ప్లేటు లేని పసుపుపచ్చ మెర్క్యురీ కారును ఆపాడు. లోపల ఉన్నది ఆ బాంబు పెట్టిన టిమొతీ మెక్‌వే. 1993లో న్యూయార్క్ రాష్ట్రంలో ప్లేటు లేని ట్రక్కును వెంబడిస్తే వెనక శవం దొరికింది, వరస హంతకుడు జోయెల్ రిఫ్కిన్ దొరికాడు. చిన్న తప్పు పట్టుకుంటే పెద్ద దొంగ దొరుకుతాడనే వాదానికి ఇంతకు మించిన సాక్ష్యాలు లేవు. కానీ రెండింటిలోనూ ఉన్నది ప్లేటే లేని బండి అని గమనించాలి. ప్లేటు లేకపోతే బండి ఎవరిదో తెలుసుకునే మార్గమే మూసుకుపోతుంది, కాబట్టి ఆపడం తప్పనిసరి. ప్లేటుండి స్టిక్కర్ మాత్రమే పాతదైతే నంబరు కొట్టగానే పేరు, చిరునామా, ఎన్నాళ్ల బాకీ అన్నీ పోలీసు కారులోని తెర మీదే కనబడతాయి. ఉత్తరం వేయగలిగినవాడిని ఆపనక్కర్లేదు. పైగా ఈ రెండు కథలూ ముప్పై ఏళ్లుగా శిక్షణ తరగతుల్లో వినబడుతూనే ఉన్నాయంటే, అలాంటివి ఎంత తక్కువో అదే చెబుతోంది.

లెక్కలు కూడా పోలీసుల వాదానికి సాయపడవు. నార్త్ కరోలైనాలోని ఫేయెట్‌విల్‌లో హెరాల్డ్ మెడ్‌లాక్ పోలీసు చీఫ్‌గా ఉన్న 2013-16 మధ్య ఒక పని చేశారు. రిజిస్ట్రేషన్, లైట్ల వంటి వాటి కోసం ఆపడం తగ్గించి, అతివేగం, ఎర్రదీపం దాటడం, మద్యం సేవించి నడపడం మీద సిబ్బందిని పెట్టారు. దాని మీద 2020లో వచ్చిన పరిశోధన పత్రం ప్రకారం ప్రమాదాలూ మరణాలూ తగ్గాయి, ఆపడంలో జాతుల మధ్య తేడా కూడా తగ్గింది, ఇతర నేరాలు పెరిగిన జాడ లేదు. పోలీసు సమయం అపరిమితం కాదు. స్టిక్కర్ కోసం ఆపిన ప్రతి పావుగంటా స్కూలు దగ్గర వేగంగా వెళ్తున్నవాడిని వదిలేసిన పావుగంటే.

ఇక రెండో అభ్యంతరం దగ్గరికి వస్తే వాదన క్లిష్టమవుతుంది. పోలీసు ఆపడనుకుంటే జనం డబ్బు కడతారా? స్టిక్కర్లే ఎత్తేస్తే ఏమవుతుంది? పెన్సిల్వేనియా 2016 చివరి రోజు నుంచి ఎత్తేసింది. స్టిక్కర్ వల్ల రిజిస్ట్రేషన్లు పెరుగుతాయనడానికి ఆధారం లేదన్న పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ అధ్యయనాన్ని ఆ రాష్ట్రం కారణంగా చూపించింది. ముద్రణ, తపాలా ఖర్చు ఏటా లక్షల డాలర్లలో మిగిలింది. ఇక్కడితో ఆపేస్తే స్టిక్కర్ దండగని తేల్చెయ్యొచ్చు. అయితే బ్రిటన్ అనుభవం వేరు. 1921 నుంచి కారు అద్దం మీద ఉండే గుండ్రటి ట్యాక్స్ డిస్కును 2014 అక్టోబరు 1న ఎత్తేశారు. పన్ను ఎగవేసి తిరిగే వాహనాలు 2013లో 0.6 శాతం ఉంటే 2015లో 1.4కు, 2017లో 1.8కి చేరాయి. కెనడాలోని ఒంటారియో 2022 మార్చిలో స్టిక్కర్‌తోపాటు ఫీజునూ రద్దు చేసింది. ఏటా రెన్యూ చేసుకోవడం మాత్రం తప్పనిసరిగానే ఉంచింది. పైసా కట్టక్కర్లేదు, అయినా రెండేళ్లు తిరిగేసరికి పది లక్షలకు పైగా వాహనాల గడువు దాటిపోయింది. ఎగ్గొట్టడానికి అక్కడ ఏమీ లేదు, కాబట్టి అది ఎగవేత కాదు. శుద్ధ మరుపు.

ఒంటారియో సంఖ్యే నా దృష్టిలో మొత్తం వాదనకు తాళంచెవి. స్టిక్కర్ ఇన్నాళ్లూ చేసిన అసలు పని పోలీసుకు సమాచారం ఇవ్వడం కాదు, యజమానికి గుర్తు చేయడం. రోజూ డిక్కీ తెరిచేటప్పుడు తేదీ కంటబడుతుంది, నెల దగ్గరపడుతోందని తెలుస్తుంది. దాన్ని పీకేసి ఆ గుర్తు చేసే పనిని ఎవరికీ అప్పగించకపోతే జనం మరిచిపోతారు. మరిచిపోయినవాళ్లను దొంగలంటే అది ప్రభుత్వం తన బద్ధకాన్ని పౌరుడి నెత్తిన రుద్దడమే. బ్రిటన్‌లోనూ డిస్కు పోయిన రోజే ఇంకో నియమం మారింది. కారు అమ్మితే మిగిలిన పన్ను కొత్త యజమానికి బదిలీ కాదు. కొన్నవాడు వెంటనే కొత్తగా కట్టాలి. ఆ సంగతి తెలియనివాళ్లు ఎందరో. పెరిగిన 1.2 శాతంలో మోసమెంతో, తికమక ఎంతో విడదీయడం కష్టం. ఒంటారియో చివరికి సరైన పనే చేసింది. 2024 జులై నుంచి బాకీలు లేనివారికి రెన్యువల్ దానంతట అదే జరిగిపోయేలా మార్చింది. ఒక్క నియమం మార్పుతో అన్ని లక్షల మంది చట్టం లోపలికి వచ్చేశారు, రోడ్డు మీద ఒక్కరినీ ఆపకుండా.

జరిమానా పెంచితే జనం దారికొస్తారనే మూడో దారిని షికాగో ప్రయత్నించి చూసింది. అక్కడ రాష్ట్రపు స్టిక్కర్ కాక నగరానికి వేరే స్టిక్కర్ ఉంటుంది. అది లేకపోతే జరిమానా 120 డాలర్లు ఉండేది, 2012లో 200 చేశారు. ఆలస్యమైతే 400, వసూలు రుసుముతో కలిపి 488. ఖజానా నిండుతుందనుకున్నారు. నిండింది అప్పుల చిట్టా. ప్రొపబ్లికా, డబ్ల్యూబీఈజెడ్ రేడియో 2018లో రాసిన పరిశోధన కథనాల్లో తేలిందేమిటంటే, ఆ టికెట్లు ఎక్కువగా నల్లజాతి పేటల మీద పడ్డాయి, దివాలా పిటిషన్లు వేసినవారిలో ఆ బాకీలున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. స్టిక్కర్ కొనడానికి వంద డాలర్లు లేనివాడి దగ్గర 488 ఎక్కడి నుంచి వస్తాయన్నది జరిమానా పెంచేటప్పుడు ఎవరూ అడిగినట్టు లేదు. 2019లో నగరం మెట్టు దిగి జరిమానాల్లో సడలింపులు ఇచ్చింది. మిస్సోరిలోని ఫెర్గూసన్ సంగతీ ఇలాంటిదే. 21 వేల జనాభా ఉన్న ఊళ్లో 2014 డిసెంబరు నాటికి 16 వేల మందికి పైగా మనుషుల మీద వారెంట్లు పెండింగులో ఉన్నాయని అమెరికా న్యాయశాఖ నివేదిక చెప్పింది. ఎక్కువ భాగం కట్టలేని చిల్లర జరిమానాల ఫలితమే.

ఈ అనుభవాల తరువాత వచ్చిన దిద్దుబాట్లు కొన్ని ఉన్నాయి. వర్జీనియాలో 2021 మార్చి నుంచి గడువు ముగిశాక నాలుగో నెల మొదటి తేదీ వచ్చేదాకా ఆ ఒక్క కారణంతో కారు ఆపకూడదు. ఫిలడెల్ఫియా 2022 నుంచి 60 రోజుల వెసులుబాటు ఇచ్చింది. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి గడువు నెల తరువాత రెండో నెల వరకు ఆపడానికి అదొక్కటే కారణం కాకూడదు. అక్కడ టికెట్ రాసినా, సరిచేసుకుని రుజువు చూపితే 25 డాలర్లతో కేసు కొట్టేస్తారు. టెక్సస్‌లో ఐదు పనిదినాల గడువు, జరిమానా 200 డాలర్ల దాకా. ఇరవై పనిదినాల్లోపు రెన్యూ చేసుకుని చూపిస్తే న్యాయమూర్తి 20 డాలర్ల రుసుముతో కేసు రద్దు చేయవచ్చు. మంచివే అన్నీ. కానీ రెండు నెలలో నాలుగు నెలలో గడిచాక మళ్లీ పాత కథే. ఆలస్యం ముదిరితే అప్పు ముదురుతుంది, ప్రమాదం ముదరదు. నాలుగో నెలలో అకస్మాత్తుగా రోడ్డు మీద ఆపడం ఎందుకు అవసరమైందో ఏ శాసనసభా చెప్పలేదు.

తెలుగు ఇళ్లకు ఇది దూరపు గొడవ కాదు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలో ఉండే మనవాళ్లకు, సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని చదువుకునే పిల్లలకు ఈ స్టిక్కర్ నెలవారీ సంభాషణల్లో భాగం. టెక్సస్ స్టిక్కర్ మీద ప్లేటు నంబరు కూడా ముద్రించి ఉంటుంది, కాబట్టి రెండు కార్ల స్టిక్కర్లు తారుమారైతే కంటికి పట్టిస్తుంది. 200 డాలర్ల టికెట్ చాలామందికి పెద్ద దెబ్బేం కాదు. భయం వేరే చోట ఉంది. టెక్సస్‌లో ఇది మిస్‌డిమీనర్ తరగతిలో అతి చిన్న నేరం. పాత చిరునామాకు వెళ్లిన సమన్లు అందక కోర్టు తేదీ తప్పితే వారెంటు వస్తుంది. వారెంటుంటే తరువాతి స్టాప్‌లో అరెస్టు, అరెస్టైతే వేలిముద్రలు, వేలిముద్రలు పడితే జాతీయ నేర సమాచార వ్యవస్థలో పేరు. 2025 ఏప్రిల్‌లో విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ వ్యవస్థలోని రికార్డులు మూకుమ్మడిగా రద్దయినప్పుడు ఆధారం ఆ జాబితాయే. దాదాపు 13 లక్షల పేర్లను దానితో సరిపోల్చామని, 6,400 దాకా కలిశాయని అధికారులు కోర్టులో చెప్పారు. కొట్టేసిన కేసులు, చిన్న ట్రాఫిక్ గొడవలు ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం అప్పుడు సేకరించిన 327 ఫిర్యాదుల్లో సగం భారతీయులవి. దావాలు పడ్డాక నెలాఖరుకు రికార్డులు తిరిగి పునరుద్ధరించారు. మామూలు స్టిక్కర్ టికెట్ ఒక్కటే వీసా పోగొడుతుందని దీన్ని బట్టి ఎవరూ బెంబేలెత్తనక్కర్లేదు. కాకపోతే టికెట్‌కూ విమానాశ్రయానికీ మధ్య మెట్లు ఎన్ని ఉన్నాయన్నది ఇప్పుడు లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. మొదటి మెట్టే రోడ్డు మీద కాకుండా పోస్టు డబ్బాలో ఉంటే, ఆ లెక్క చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

మరి మనిషి వద్దు, కెమెరాలు చూసుకుంటాయి అనడం కూడా తొందరపాటే. 2020 ఆగస్టులో కొలరాడోలోని అరోరాలో పోలీసులు ఒక నల్లజాతి కుటుంబాన్ని కారులోంచి దింపి, పిల్లలతో సహా వేడి తారు మీద బోర్లా పడుకోబెట్టారు. ప్లేటు చదివే యంత్రం అది దొంగబండి నంబరని చెప్పింది. నంబరు అదే, కాకపోతే దొంగిలించినది మోంటానా రాష్ట్రపు మోటార్ సైకిల్. ఇక్కడున్నది కొలరాడో ప్లేటున్న కారు. రాష్ట్రం కలవలేదు, బండి కలవలేదు. ఎవరూ రెండోసారి చూడలేదు. యంత్రం తప్పు చెప్పడం ఊహించదగినదే. ఆ మాటను నమ్మి తుపాకులు తీయడమే అసలు దోషం. స్టిక్కర్‌కైనా కెమెరాకైనా పరీక్ష ఒక్కటే, తప్పని తేలితే ఆ తప్పును వెనక్కి తీసుకోగలమా అన్నది. ఉత్తరం తప్పయితే చింపెయ్యొచ్చు.

మన రాష్ట్రాలు ఈ దారిలో వేరే వైపు నుంచి వస్తున్నాయి. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లతోపాటు కారు అద్దం మీద మూడో ప్లేటుగా ఒక స్టిక్కర్ వచ్చింది. పెట్రోలు, సీఎన్‌జీకి లేత నీలం, డీజిల్‌కు నారింజ. దాని మీద రెండు ప్లేట్ల లేజర్ సంఖ్యలు ఉంటాయి. గడువు మాత్రం ఉండదు, కాబట్టి మన తగాదా ఎప్పుడూ సరిపోలకపోవడం గురించే. 2024 మార్చిలో తెలంగాణ కోడ్ టీఎస్ నుంచి టీజీ అయ్యింది. కొత్త రిజిస్ట్రేషన్లకే ఇది వర్తిస్తుంది, పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి. అయినా కొందరు ఉత్సాహంతో పెయింటర్ దగ్గరికెళ్లి టీజీ రాయించుకున్నారు. అలా రాయిస్తే ఆర్‌సీలో ఒక నంబరు, ప్లేటు మీద ఇంకో నంబరు. మనకు కెమెరా ఫొటోతో ఇంటికొచ్చే ఈ-చలానా ముందునుంచీ అలవాటే. అమెరికా నేర్చుకోవలసిన సగం పాఠం మన దగ్గర ఇప్పటికే అమల్లో ఉంది. ఆ కాగితం అసలు మనిషికి చేరడమనే రెండో సగం మనకూ రాలేదు. తెలంగాణ 2022లో, మళ్లీ 2023 డిసెంబరులో పాత చలానాలకు భారీ రాయితీలు ఇచ్చింది. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం. నూటికి ఇరవై కట్టి చేతులు కడుక్కోవచ్చంటే, రాసిన జరిమానా ఎవరికీ సరిగా చేరలేదని రాసినవాళ్లే ఒప్పుకున్నట్టు. ఒడిశా, బిహార్‌లు టోల్‌గేట్ల దగ్గర ఈ-డిటెక్షన్‌తో బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులను కెమెరాలకే అప్పగించాయి. మన దగ్గరికీ అది వస్తే చలానా వెళ్లేది రిజిస్ట్రేషన్ రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకు. ఓనర్‌షిప్ మార్పించుకోకుండా చేతులు మారిన సెకండ్ హ్యాండ్ బండ్లు మన ఊళ్లలో ఎన్ని తిరుగుతున్నాయో ఆర్టీఏ ఏజెంట్లను అడిగితే చెబుతారు. గడువుకు నెల ముందు ఒక సందేశం, పది రోజుల ముందు ఇంకొకటి, అవి అసలు యజమానికే అందాయన్న నిర్ధారణ, ఆ తరువాతే చలానా అనే వరస ఉండాలంటే ముందు ఆ రికార్డులు శుభ్రపడాలి. దానికి కెమెరాలు అక్కర్లేదు, కౌంటరు దగ్గర గుమస్తాలు కావాలి.